చేతులు మారు ఓడ

పటమటలోని ఆటోనగరమునకు ఒకనాటి ఉదయమున పోయి చూచినచో, పాతవస్తువును గూర్చి మన జనులకు గల వివేకము కొంత తెలియవచ్చును. ఇరువదియేండ్లు బరువులు మోసిన లారీ యొకటి అచ్చటికి వచ్చును. వడ్రంగి దాని చెక్కలను తట్టి చూచును. కమ్మరి ఇరుసును పరీక్షించును. కొనదలచినవాడు యంత్రపు చప్పుడును చెవియొగ్గి వినును. రంగు మెరయుచున్నదా యని అడుగువాడు బేరము తెలియనివాడు. ఇన్నాళ్లు దీనిని ఎవరు నడపిరి, ఏ భాగమును ఎప్పుడు మార్చిరి, వానకాలమున ఎచ్చట నిలిపిరి అని అడుగువాడే తెలిసిన బేరగాడు. కొన్ని దినములలో ఆ బండి క్రొత్త బాడీతో, క్రొత్త యజమానితో మరల బాట పట్టును. పాతదనుటచేత దానికి గౌరవలోపము లేదు.

ఆటోనగరమునకు కొలదిదూరముననే బందరు కాలువ పారుచున్నది. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట వలన ఈ సీమకు లభించిన కాలువలలో ఇది యొకటి. ఆ కాలువలు పైరులకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి. అందుకొరకే వానిపై లాకులు కట్టబడెను. లారీ పుట్టకమునుపు ఈ డెల్టాకు పడవయే లారీ. ధాన్యము, ఉప్పు, కలప, ఇటుక, పెండ్లివారు, యాత్రికులు, అందరును అన్నియు నీటిమీదనే నడచిరి. గాలి అనుకూలించినపుడు సరంగు తెరచాప నెత్తెను. గాలి పడినపుడు గట్టుమీద మనుష్యులు త్రాడుపట్టి లాగిరి. సముద్రమువైపునుండి మధ్యాహ్నానంతరము వీచు గాలి, ప్రవాహమునకెదురుగా బెజవాడకు వచ్చు పడవకు దైవమిచ్చిన సహాయము.

ఆ పడవ పాతబడినపుడు దాని గతి యేమి? చక్కగా కాపాడబడిన తెరచాపయోడ యొకటి, ముసలియజమాని చేతులనుండి జారి, క్రొత్త యజమానికై ఎదురుచూచుచున్నదనుకొందము. దానిని చూచి మనము ఏమి మెచ్చవలెను? ఎవరికి అప్పగింపవలెను? ఈ ప్రశ్న వినోదముకొరకు వేసినది కాదు. దీనికి సమాధానము చెప్పుకొనుటకు మన చరిత్రయందే చాల దూరము పోవలసియున్నది.

మొదట ఓడను కాపాడుట యననేమో తెలిసికొందము. కొయ్యయోడ ఒకసారి కట్టి విడిచిపెట్టు వస్తువు కాదు. అది కట్టబడిన మరునాటినుండియు చెడుటకు ఆరంభించును. ప్రతి సంవత్సరము మరల కొంత కట్టబడుచుండవలెను. చెక్కకును చెక్కకును నడుమనున్న సందులలో నూనె పట్టించిన నారను ఉలితో బిగగొట్టి పైన గుగ్గిలము మొదలగువానిని పూయవలెను. ఒక మూరెడు సందున ఈ పని సరిగా జరుగకున్నను నీరు లోనికి వచ్చును. సముద్రజలమున ఒక జాతి పురుగు గలదు. చూచుటకు అది పురుగువలె నున్నను నిజమునకు ఆలుచిప్పల జాతికి చెందిన ప్రాణి. అది కొయ్యలోనికి తొలుచుకొనిపోయి, వెలుపల సూదిమొనంత రంధ్రమే కనబడుచుండగా, లోపల దూలమంతయు జల్లెడ చేయును. ఉప్పులేని నీటిలో అది బ్రదుకజాలదు. అందుచేతనే నదీముఖములందలి రేవులను నావికులు అంతగా కోరిరి. ఓడను నదిలోనికి తెచ్చి కొన్నాళ్లు మంచినీటిలో నుంచినచో అడుగున పట్టిన పురుగు చచ్చును.

మరియొక విచిత్రము గలదు. పురుగును చంపు మంచినీరే వాననీరై పైతట్టునుండి చెక్కసందులలో నిలిచినచో కొయ్యను కుళ్లించును. పోనీ, నీటికి దూరముగ గట్టుమీద పెట్టి దాతుమన్నచో ఎండకు చెక్కలు ముడుచుకొని అతుకులు విచ్చును. కాబట్టి ఓడకు పని లేకుండుటయే పెద్ద రోగము. నడచుచున్న ఓడలో నీరు ఎచ్చట ఊరుచున్నదో ఆ దినమే తెలియును. కట్టివేసిన ఓడలో తెలియదు. నూజివీడులో చేసిన మంచి వీణను వాయించువారు లేని యింటిలో గోడకు తగిలించిన నేమగునో మన గృహిణులకు తెలియనిది కాదు. ఓడ స్థితియు అట్టిదే.

ఇంత శ్రమతో కూడిన విద్య మన తీరమున ఎన్నటినుండి యున్నది? బందరుకు పడమటనున్న ఘంటసాలలో క్రీస్తుశకపు తొలిశతాబ్దులనాటి ప్రాకృతశాసనములు దొరకినవి. వానిలో నొకదానియందు శివకుడను మహానావికుని పేరు గలదు. బౌద్ధక్షేత్రమునకు దానమిచ్చి తన వృత్తిని సగర్వముగ రాయిమీద చెక్కించుకొన్న మనుజుడతడు. ఆ ఊరినే రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళజ్ఞుడు టాలెమీ వర్తకస్థానముగ పేర్కొనెను. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కంబముల ఓడబొమ్మ గలదు. రాజు తన నాణెముపై ఏనుగును ముద్రింపవచ్చును, సింహమును ముద్రింపవచ్చును. ఓడను ముద్రించెనన్నచో ఆనాటి రాజ్యమునకు ఓడ ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

తరువాత వెయ్యేండ్లకు మోటుపల్లి శాసనము వచ్చినది. గాలివానకు కొట్టుకొని వచ్చి తీరమున పగిలిన ఓడలలోని బంగారమును, గుఱ్ఱములను, ఏనుగులను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగ హరించుచుండిరనియు, తాను నిర్ణీతమైన సుంకము దప్ప మిగిలినదంతయు వర్తకులకే విడిచితిననియు కాకతి గణపతిదేవుడు 1244లో చాటెను. అట్లు చాటిన రాజు, తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడకు సయితము యజమాని యుండునని ఒప్పుకొనెను. ఓడ యెడల గౌరవము అనునది ఆ ఒప్పుకొనుటలోనే ఆరంభమగుచున్నది.

పదునేడవ శతాబ్దమున ఆంగ్లేయుల ఓడ గ్లోబు 1611లో బందరు చేరెను. ఆ శతాబ్దముననే గోదావరిముఖమందలి నరసాపురమును, దాని ప్రక్కనున్న మాధవాయపాలెమును ఓడలు కట్టు స్థలములుగ దేశాంతరములందు ప్రసిద్ధిచెందెను. అచ్చట మంచి కలపయు, ఇనుమును, నిపుణులగు వడ్రంగులును కమ్మరులును దొరకుదురనియు, ఆంగ్లవర్తకులు ఏటేట ఓడలు కట్టించుకొనుచుందురనియు థామస్ బౌరీయను నావికుడు వ్రాసిపెట్టెను. సముద్రమును దాటి వచ్చినవాడు తన ఓడను మన వడ్రంగి చేతికి అప్పగించుటకంటె మనవానికి వేరు యోగ్యతాపత్రము కావలయునా? బందరుతీరమున అలలను దాటించు మసులా పడవ యొక్క నేర్పు వేరు. దాని పలకలకు ఇనుపమేకులు లేవు. కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టబడుటచేత అది అల తాకినపుడు పగులక వంగును.

నరసాపురము తరువాత కోరంగి. గౌతమీముఖమున యానామునకు సమీపమందున్న ఈ రేవులో 1802లో ఎబెనీజరు రోబక్కను ఆంగ్లేయుని రేవుగుంటలో అల్బట్రాసను ఇంగ్లీషు యుద్ధనౌక మరమ్మతు చేయబడెను. కోరంగిలోను, దాని పొరుగుననున్న తాళ్లరేవులోను కట్టిన దోనెలు బంగాళాఖాతమును దాటి రంగూనుకు పోయినవి. ఆ రేవునుండి ఎందరు పోయిరనగా, బర్మాలో తెలుగువారందరికిని కోరంగీలనియే పేరు పడెను. ఒక చిన్న రేవు పేరు ఒక జాతికి పేరైనది.

ఇట్టి విద్య యేల క్షీణించెను? ప్రకృతి కొంత కారణము. 1789లోను 1839లోను వచ్చిన తుపానులు కోరంగిని ఊడ్చిపెట్టెను. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొనెను. నదులు తెచ్చిన మేట రేవులను పూడ్చెను. పొగయోడలు దూరపు వర్తకమును లాగుకొనెను. 1893లో బెజవాడయొద్ద కృష్ణపై రైలువంతెన వచ్చెను. 1942లో జపానుసేనలు బర్మాను ఆక్రమించుటతో రంగూనుప్రయాణము నిలిచిపోయెను. తరువాత లారీ వచ్చి కాలువపడవకును పని లేకుండ చేసెను. వీనిలో దేనిని తప్పుపట్టుటకును వలనుపడదు. త్వరగ పోవు సాధనము దొరకినపుడు రైతు నెమ్మదిగ పోవుదానిని విడుచును. అది అతని హక్కు.

ఐనను ఇవి మాత్రమే కారణములని చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. పొగయోడలు ఇతరదేశములకును వచ్చినవి, రైళ్లును వచ్చినవి. అచ్చట పాతయోడలలో కొన్నియైనను నిలిచినవి. ఎట్లు నిలిచినవో చూడుడు.

1817లో బొంబాయి రేవులో వాడియావంశపు పారసీకశిల్పి ఇంగ్లీషు నౌకాదళమునకు ట్రింకోమలీ యను ఓడను మలబారు టేకుతో కట్టెను. దాని యుద్ధోద్యోగము తీరినది. 1897లో అది విరుగగొట్టి కలప తీసికొనుటకు అమ్మబడెను. అప్పుడు వీట్లీ కాబ్ అను ఒక గృహస్థు దానిని కొని, బాలురకు నావికవిద్య నేర్పు ఓడగ మార్చెను. అది 1986 వరకు ఆ పని చేసెను. తరువాత హార్టిల్‌పూలు పట్టణమునకు చేరి, 2001 నాటికి బాగుచేయబడి, అచ్చట నేటికిని నీటిమీద నున్నది. మన టేకు, మన శిల్పి నేర్పు, ఇంకొక దేశపు గృహస్థుని శ్రద్ధ, ఈ మూడును కలిసి ఒక ఓడకు రెండువందలయేండ్లకు మించిన ఆయువు నిచ్చినవి.

1869లో స్కాట్లండులోని డంబార్టనున కట్టబడి తేయాకు తెచ్చుటలో పేరుపొందిన కట్టీ సార్కు 1895లో పోర్చుగీసువారికి అమ్ముడుపోయి పేరు మార్చుకొని దీనదశయందుండెను. యౌవనమున సముద్రముపై దానిని చూచి మరువలేని డౌమనను కప్తాను 1922లో దానిని తిరిగి కొని బాగుచేయించెను. 2007లో అగ్నిప్రమాదమునకు లోనయ్యును, 2012లో అది మరల జనులకు దర్శనమిచ్చెను.

ఇంకను సమీపపు ఉదాహరణము గలదు. సింహళమునకు ఉత్తరతీరమందలి వల్వెట్టితురైలో 1930లో తమిళశిల్పులు కట్టిన అన్నపూర్ణి అమ్మాళ్ అను 89 అడుగుల తెరచాపయోడను అమెరికనగు రాబిన్సనను నావికుడు కొనెను. అది పేరు మార్చుకొని, వల్వెట్టితురై నావికులతోనే మహాసముద్రములను దాటి, 1938 ఆగస్టు 1వ తేదీన అమెరికాలోని గ్లౌస్టరు రేవు చేరెను. ఆ తీరపు విద్య ఎట్టిదో ఆ ప్రయాణము చాటిచెప్పినది. క్రొత్త యజమాని ఓడను మాత్రమే గాక దానిని నడపు మనుష్యులను కూడ వెంటగొనిపోయెను. ఈ సంగతి మనము మరువదగినది కాదు.

ఈ మూడింటిలోను సామాన్యమైన దొకటి గలదు. ఓడను మెచ్చుకొన్నవాడు దాని విలువను గ్రహింపగలవాడై, డబ్బు కొంతయైనను గలవాడై, చదువుకొన్నవాడై యుండెను. మన దేశమున ఈ మూడును కలవారికి ఓడ యనిన ఏమి? బోధాయనుని ధర్మసూత్రములు సముద్రయానమును పాతకములలో చేర్చినవి. అదే గ్రంథము ఉత్తరదేశీయుల ఆచారములలో సముద్రయానమును పేర్కొనుచున్నది. అనగా జనులు పోవుచుండగనే నిషేధము పుట్టెనన్నమాట. తరువాతి నిబంధనకారులు దానిని కలియుగమున వర్జ్యములగువానిలో చేర్చిరి. విదేశమునకు చదువబోయి వచ్చిన యువకుని పంక్తిలో కూర్చుండనీయని దినములను మన పెద్దలు ఎరుగుదురు.

ఆ నిషేధము వర్తకమును ఆపలేదు, ఓడలను ఆపలేదు. అది చేసిన హాని వేరు. ఓడను ఎరిగినవానికిని అక్షరము నెరిగినవానికిని నడుమ అది గోడ కట్టెను. ఓడ కట్టువాడు, నడపువాడు, చేపలు పట్టువాడు తక్కువకులమువారనబడిరి. వారి బిడ్డలకు బడి లేదు. గ్రంథము వ్రాయువాడు ఓడ నెక్కలేదు. సంసారమును సాగరముతోను, గురువును కర్ణధారునితోను పోల్చుటకు మన కవులు ఎన్నడును అలయలేదు. కాని తెరచాపకు ఎన్ని మూరల గుడ్డ పట్టునో, ఏ మ్రానును ఏ ఋతువున నరికిన చెక్క వంగునో అడిగి వ్రాసికొన్నవారు అరుదు. ఘంటసాలలో మహానావికుని పేరు రాతిమీద నిలిచినది. తాళ్లరేవులో దోనె కట్టిన వడ్రంగుల పేళ్లలో మన గ్రంథములకెక్కినవి ఎన్ని?

ఈ కారణముచేతనే మన పాతయోడ అమ్మకమునకు వచ్చినపుడు కలప వ్యాపారి దప్ప వేరొకడు రాలేదు. కాపాడగలవానికి ధనము లేదు. ధనము గలవానికి తెలియదు. ముసలిపడవను వంటచెరకునకు అమ్మిన కుటుంబమును నేను నిందింపను. వానకాలమున ఇల్లు గడుపవలసినవానికి జాతిసంపదను గూర్చి ఉపన్యసించుట క్రూరత్వము. ఆ భారము అతనిది కాదు. నిమ్మళముగ కూర్చుండి ఇట్టి వ్యాసములు వ్రాయు మనవంటివారిది.

ఇక క్రొత్త యజమాని యెవడు కావలెను? ఓడను తోటలో నిలిపి దీపములు వ్రేలాడగట్టి విందులు చేయువాడు కాడు; అట్టివాని చేతిలో అది మూడు వేసవులకు విచ్చిపోవును. పనిలో పెట్టువాడు కావలెను. అమ్ముడుపోవునపుడు ఓడతోపాటు దాని చరిత్రయు చేతులు మారవలెను: ఎవరు కట్టిరి, ఏ కలప, ఏ పలక ఎప్పుడు మార్చిరి, ఏ గాలిలో ఎటు ఒరగును. పాతసరంగును కొన్నాళ్లు జీతమిచ్చియైన వెంటనుంచుకొనవలెను. ఒక్కనికి భారమైనచో పదిమంది కూడి కొనవచ్చును. బడికో సంఘమునకో అప్పగింపవచ్చును. 2008లో కాకినాడనుండి పుదుచ్చేరి వరకు గల కాలువలును, గోదావరీకృష్ణల కొన్ని భాగములును నాలుగవ జాతీయజలమార్గముగ ప్రకటింపబడినవి. బరువులు మోయుటకు ఇనుపపడవలే రావచ్చును. పిల్లలకు గాలిని, నీటిని, త్రాటిని చేతితో తెలిసికొనుట నేర్పుటకు మాత్రము తెరచాపపడవకు సాటియైనది లేదు.

ఇది కేవలము మనోరథమని త్రోసివేయనక్కరలేదు. 2025లో మన నౌకాదళమున చేరిన కౌండిన్య యను తెరచాపయోడ, అజంతా చిత్రమందలి ఓడను చూచి, పలకలను కొబ్బరిత్రాళ్లతో కుట్టి కట్టినది. కుట్టు తెలిసిన చేతులకై వెదకి కేరళశిల్పులను రప్పించుకొనవలసివచ్చెను. ఒకప్పుడు బందరు అలలమీద అదే విధమగు కుట్టుపడవలు దినదినము తిరిగెను. ఆ నేర్పు మన తీరమున బ్రదికియుండి, వ్రాయబడియుండినచో, ఆ పిలుపు మన యూళ్లకును వచ్చియుండునుగదా!

పటమటకు ఆటోనగరము మాత్రమే గాక మరియొక గౌరవము గలదు. గ్రంథాలయోద్యమమునకు నిలయమైన సర్వోత్తమ భవనము ఇచ్చటిదే. దానిని స్థాపించిన పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణ పశ్చిమడెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడపి, పడవప్రయాణికులకు పుస్తకముల నందించిరి. నీటిమీద నెమ్మదిగ సాగు ఆ గంటలను వారు వ్యర్థము కానీయలేదు. చదువుకొన్నవాడు పడవవద్దకు పోవుట మనలో జరుగనిదని నేను పైన చెప్పితిని. జరిగిన సందర్భమిది యొకటి. అది పుస్తకమును పడవకు తీసికొనిపోయినది. మిగిలిన పని పడవను పుస్తకములోనికి తెచ్చుట.

ఆ పని పెద్ద ధనముతో కూడినది కాదు. కాలువగట్టు గ్రామములలోను, రేవులలోను, పూర్వము సరంగులుగ, కలాసీలుగ, ఓడవడ్రంగులుగ నుండిన వృద్ధులు ఎవరైనను మీ యెరుకలో నున్నచో, వారిని కూర్చుండబెట్టి అడుగుడు. చదువుకొన్న కోడండ్రు, మనుమరాండ్రు తాతగారి మాటను తాతగారి నుడికారముననే వ్రాసికొనవచ్చును. పడవ కొలతలు, భాగముల పేళ్లు, గాలుల పేళ్లు, పాటలు, లెక్కలు, ఏదియు చిన్నది కాదు. అట్లు వ్రాసియుంచినచో, చక్కగ కాపాడబడిన పాతపడవ యొకటి ఏనాడైనను ఏ రేవుననైనను క్రొత్త యజమానికై నిలిచినపుడు, దానిని చూచి దీని విలువ యిది యని చెప్పగలవారు కలప వ్యాపారులుగాక ఇతరులును ఉందురు. ఆటోనగరమున పాతలారీకి దొరకు ఆ కొద్దిపాటి మర్యాద, శివకుని కాలమునుండి మనలను మోసిన ఓడకు దొరకకుండుట తగునా?